దేవుడి మీద వేసేది ఎంత, మనం మోసేది ఎంత



ఈ పొద్దు పంట గురించి రాయడం లేదు. తెగులు గురించి, మందు గురించి కూడా కాదు. దేవుడి గురించి రాస్తాండా. చదివినంక ఎవరికైనా కోపం వస్తే రానీండి, కానీ చివరిదాకా చదివి కోపం చేసుకోండి.

ఏమిటికి ఇప్పుడు రాస్తాండానంటే, ఆరుద్ర కార్తె సగం గడిచిపోయింది. మృగశిరలో ఒక్క జల్లు పడింది, దుమ్ము అణిగింది, అంతే. విత్తనకాయలు ఒలిచి సంచుల్లో పెట్టుకున్నాం. గొర్రు సిద్ధం. ట్రాక్టరు ఆయప్పకు చెప్పి పెట్టినాం. పొద్దున లేస్తే పడమటి దిక్కు చూడడం, రాత్రి పడుకునేముందు మళ్ళా చూడడం. మా అనంతపురం పక్క ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అది కూడా పడాల్సిన రోజుల్లో పడితేనే లెక్క. ఇట్లాంటి చోట సేద్యం చేసేవాడికి దేవుడు గుర్తుకు రాకుండా ఉంటాడా? కోస్తాలో కాలవ కింద ఉండేవాళ్ళు కాలవ చూస్తారు. మనం మొగులు చూస్తాం. మొగులు చూసేవాడికి దాని వెనక ఎవరో ఉన్నారనిపిస్తాది.

పోయిన వారం మా ఊర్లో ఆంజనేయస్వామి గుడి కాడ విరాటపర్వం చదివించినాం. ఆడవాళ్ళు, పిల్లోళ్ళు రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి కప్పతల్లి ఆడినారు. ఇల్లిల్లూ తిరిగినారు, ఇంటింటి కాడా బిందెడు నీళ్ళు పోసినారు. మీ ఊర్లలో కూడా చేసే ఉంటారు. కొన్ని ఊర్లలో శివుడి గర్భగుడి నిండేదాకా నీళ్ళు పోస్తారు, లింగం మునగాల.

నా కొడుకు బెంగుళూరులో పని చేస్తాడు. ఫోన్‌లో ఈ సంగతి చెప్తే నవ్వినాడు. "నాయనా, రుతుపవనాలకు విరాటపర్వం వినపడతాదా?" అన్నాడు.

నాకు కోపం రాలేదు. వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. చదివించిన ఏడాది వాన పడిందీ ఉంది, పడందీ ఉంది. చదివించకుండా పడిన ఏడాదులూ ఉన్నాయి. కండ్లారా చూసినంక కాదనడానికి లేదు. వాడికి నేను చెప్పింది ఒకటే. "వానకు వినపడతాదో లేదో నాకు తెలీదప్పా. మాకైతే వినపడతాది."

నేను మాట దాటెయ్యడానికి అట్ల అన్లేదు. విరాటపర్వంలో ఏముంది, ఒకసారి గుర్తు చేసుకోండి. రాజ్యం పోయిన పాండవులు పన్నెండేండ్లు అడవిలో ఉన్నారు. పదమూడో ఏడాది ఎవరికీ తెలీకుండా బతకాల. ధర్మరాజు రాజు కొలువులో పాచికలాడే మనిషిగా చేరినాడు. భీముడు వంటవాడు. అర్జునుడు ఆడపిల్లలకు ఆట నేర్పేవాడు. నకులుడు గుర్రాల కాడ, సహదేవుడు ఆవుల కాడ. ద్రౌపది ఇంకో రాణికి జడలు వేసే పనికి పోయింది. రాజులు ఆ ఒక్క ఏడాది గడపడానికి ఏ పని దొరికితే ఆ పని చేసినారు. కాలం బాగలేనప్పుడు దాటాల్సింది ఒక ఏడాదే, ఎట్లోకట్ల దాటితే మళ్ళా మన పేరు మనకు వస్తాది. కరువులో ఈ కథను చదివించాలని పెద్దోళ్ళు ఏమనుకొని పెట్టినారో గానీ, గుడి అరుగు మీద కూర్చొని వింటాంటే అందరి కడుపులో చెయ్యి పెట్టినట్ల ఉంటాది. మా ఊర్లో పది ఎకరాల ఆసామి బెంగుళూరులో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉండి వచ్చినాడు. కేరళకు కూలికి పోయి వచ్చినోళ్ళున్నారు. ఆ రాత్రి వాళ్ళందరూ తల దించుకోకుండా కూర్చొని విన్నారు. ఆ కథ నుంచి వాన రాకపోయినా, అది మాత్రం వచ్చింది.

ఇంతవరకు ఒప్పుకుంటే ఇంకో మాట చెప్తా.

పెద్దోళ్ళు వదిలిపెట్టిన దాంట్లో నమ్మకం వేరే, లెక్క వేరే. రెంటినీ మనం ఒకే మూటలో కట్టేసినాం. కార్తె ఉందే, అది నమ్మకం కాదు, లెక్క. సూర్యుడు 27 నక్షత్రాలు చుట్టి రావడానికి ఏడాది పడతాది. ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు దినాలు. అదే కార్తె. అందుకే సంక్రాంతి మాదిరి మృగశిర కూడా ఏ ఏడాదైనా జూన్ 7, 8 తేదీలకు వస్తాది, ఆరుద్ర 21, 22కు వస్తాది. ఉగాది, వినాయక చవితి చంద్రుడి లెక్క కాబట్టి ముందుకూ వెనక్కూ జరుగుతాయి, కార్తె జరగదు. వాన సూర్యుడిని బట్టి వస్తాదని చూసి, సేద్యానికి సూర్యుడి లెక్క పెట్టినారు. దండం పెట్టుకుంటే పెట్టుకోండి, తప్పులేదు. కానీ అది తరతరాల మంది వాన చూసి రాసిపెట్టిన డైరీ అని తెలుసుకొని పెట్టుకోండి.

అట్లాగే ముహూర్తం చూసి విత్తడం. మంచిదే. కానీ ముహూర్తం వచ్చింది, పదును రాలేదు, అప్పుడేం చేస్తారు? మా నాయన బడికి పోలేదు. విత్తే పొద్దు కొబ్బరికాయ కొట్టేవాడు, గొర్రుకు పసుపు కుంకుమ పెట్టేవాడు. అదంతా అయినంక వంగి మట్టిలోకి వేలు దూర్చేవాడు. తడి వేలంతా తగిలితేనే విత్తడం, లేకుంటే కొబ్బరి చిప్పలు చేతిలో పట్టుకొని ఇంటికి వచ్చేయడం. "దేవునికి దండం పెట్టినా, మట్టిలో వేలు పెట్టినా రెండూ పూజే" అనేవాడు. నాకు తెలిసిన వేదాంతం అంతా ఆ మాటలోనే ఉంది.

ఇంక మొక్కుల గురించి.

మా అమ్మకు ఎనభై దాటినాయి. నా కొడుకు చిన్నప్పుడు జ్వరమొచ్చి వారం రోజులు కండ్లు తెరవకపోతే ఆమె గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకుంది. నార్పల మండలంలో ఉండే గూగూడు మన జిల్లా వాళ్ళకు కొత్తగా చెప్పేది లేదు. బయటి జిల్లాల వాళ్ళ కోసం చెప్తాండా. మొహర్రంలో పీర్లు లేస్తాయి, అగ్నిగుండం తొక్కుతారు, హిందువులూ ముస్లిములూ అందరూ చక్కెర చదివింపులు చేయిస్తారు. అక్కడే ఆంజనేయస్వామి గుడి ఉంది, అక్కడా దండం పెట్టుకుంటారు. ఎవరి దేవుడు ఎవరని అడిగేవాడు ఉండడు. పిల్లోడు బాగయినాడు. మొక్కు మాత్రం పెద్ద మొక్కు. బంధువులందరికీ అక్కడే భోజనాలు పెట్టాల. ఏదో ఒక అడ్డం వచ్చి అది నిలిచిపోయింది.

తర్వాత వరసగా మూడేండ్లు పంట పోయింది. అప్పుడు మొదలయినాయి మాటలు. "మొక్కు తీర్చలేదు, అందుకే ఇట్ల అయితాంది" అని ఒకరు, "స్వామి అడుగుతాండాడు" అని ఇంకొకరు. బంధువుల్లో ఒకాయన వచ్చి, నలభై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తా, మొక్కు తీర్చేయండి అన్నాడు. లెక్క మీరే వేసుకోండి. నలభై వేలకు నెలకు ఎనిమిది నూర్లు. ఏడాదికి 9,600. పంట రాని మూడేండ్లకు వడ్డీనే 28,800. అసలు అట్లే ఉంటాది.

నేను నోరు తెరిచేలోపల మా అమ్మ అందుకుంది. "మొక్కింది నేను, నువ్వు కాదప్పా. అప్పు తెచ్చి పెడితే అది స్వామికి పెట్టినట్ల కాదు, వడ్డీ తీసుకునేవానికి పెట్టినట్ల. స్వామి లెక్క రాసుకునే షావుకారా?" అనింది. ఆ ఏడు మొహర్రానికి అరకిలో చక్కెర కొనుక్కొని బస్సెక్కింది. నేను తోడు పోయినా. చక్కెర చదివించి, చేతనైనంత మందికి పంచిపెట్టి, "నా కాడ ఉండేది ఇంత స్వామీ" అని వచ్చేసింది. బస్సులో కిటికీ కాడ కూర్చొని నిద్రపోయింది. అంత నిశ్చింతగా నిద్రపోయిన మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

మొక్కు వద్దని నేను చెప్పడం లేదు. కష్టంలో ఉన్నోడు దేవుడికి మొక్కుకోకుంటే ఇంకెవరికి మొక్కుకుంటాడు? కానీ మొక్కును బేరం చేసుకోవద్దండి. నువ్వు వానిస్తే నేను వేట ఇస్తా, నువ్వు బోరులో నీళ్ళిస్తే నేను వెండి కండ్లు చేయిస్తా. ఇది సంతలో ఎద్దుల బేరం. ఇచ్చేది ఇవ్వకుంటే పీడిస్తాడని భయపడితే అది భక్తి అనిపించుకోదు. ఇప్పుడు చూస్తే జాతరకు అప్పు, మాలకు అప్పు, తలనీలాలకు కారు బాడుగకు అప్పు. పక్కింటోడు చేసినాడని మనం చేస్తాం. దేవుడు పక్కింటోడిని చూసి మనల్ని కొలుస్తాడా?

ఈ మాటలు నేను కొత్తగా చెప్పేవి కాదు. మన కదిరి పక్కనే కటారుపల్లి ఉంది, వేమన్న సమాధి అక్కడే. ఉత్త తంతులను ఆయన కడిగినట్ల ఇంకెవరూ కడగలేదు. బ్రౌను దొర 1829లో అచ్చేయించకముందే ఆ పద్యాలు మన పల్లెజనం నోర్లలో బతికినాయి. బడికి పోని మా అవ్వకు కూడా ఇరవై ముప్పై వచ్చు. అంటే మన తాతలు కప్పతల్లీ ఆడినారు, వేమన్ననూ పాడుకున్నారు. రెండూ ఒకే నోటితో. నమ్మేదీ, అడిగేదీ రెండూ మన ఆస్తే. ఒకటి పెట్టుకొని ఇంకోటి పారేయాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఇంత రాసినా.

మా ఊర్లో శనివారం రాత్రి ఆంజనేయస్వామి గుడిలో భజన ఉంటాది. మా నాయన కాలం నుంచి ఉంది. మధ్యలో టీవీలు వచ్చినంక ఆగిపోయింది, ఆరేండ్ల కింద మళ్ళా మొదలుపెట్టినాం. పదకొండు మందిమి. హార్మోనియం వాయించేది దూదేకుల ఆయప్ప. బ్రహ్మంగారి శిష్యుడు సిద్ధయ్య కూడా దూదేకుల ఇంటివాడే కదా, ఆ తత్త్వాలు పాడేటప్పుడు ఆయప్ప గొంతులో వచ్చే బలం మా ఎవరికీ రాదు. మద్దెల వాయించే ఆయప్ప ఇంకొకడు, నా ఈడువాడు, నాలుగెకరాల మెట్ట. పేరు రాయను. రాసేదానికి ఆయప్ప ఒప్పుకున్నాడు, అందుకే రాస్తాండా.

రెండేండ్ల కింద ఆయప్ప ఒక శనివారం రాలేదు. పని ఉండి ఉంటాదనుకున్నాం. రెండో శనివారమూ రాలేదు. మూడో వారం దీపం పెట్టి కూర్చున్నాం. హార్మోనియం ఆయప్ప మెట్ల మీద చెయ్యి పెట్టి, ఒక పాట కూడా ఎత్తుకోకుండా మూత మూసేసినాడు. "మద్దెల లేకుండా ఏం భజన. పదండి, ఆడికే పోదాం" అన్నాడు. తాళాలు చేతిలో పట్టుకొని పదిమందిమి ఆయప్ప ఇంటికి పోయినాం.

ఆయప్ప కొట్టం కాడ నులకమంచం మీద కూర్చొని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడినాడు గానీ రమ్మనలేదు. ఆ ఇంటి వదిన వచ్చి చాప పరిచింది. "మూడు దినాలనుంచి సరిగ్గా తిండి లేదన్నా. రాత్రిళ్ళు నిద్ర లేదు. లేచి చేను కాడికి పోతాడు, వస్తాడు" అని నెమ్మదిగా చెప్పింది. మేం ఏమీ అడగలేదు. వాకిట్లోనే కూర్చొని భజన ఎత్తుకున్నాం. ఆయప్ప వాయించలేదు. గుంజకు ఆనుకొని విన్నాడు. రామదాసు కీర్తనలు రెండు, తత్త్వాలు నాలుగు అయినంక హార్మోనియం ఆయప్ప పక్కకు జరిగి, తగ్గు గొంతుతో ఒకే మాట అడిగినాడు.

"ఎంతప్పా?"

ఆయప్ప చానాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పినాడు. రెండు బోర్లు వేయించినాడు, ఒకటి 650 అడుగులు, ఒకటి 800. రెండింట్లోనూ దుమ్మే. అన్నీ కలిపి నాలుగు లక్షల అరవై వేలు. అంతవరకు భార్యకు కూడా మొత్తం లెక్క చెప్పలేదు.

మాలో ఎవరి కాడా అంత డబ్బు లేదు. ఉంటే మేమెందుకు ఇట్ల ఉంటాం. కానీ పిల్లోడి నోటుపుస్తకంలో కాగితం చించి అప్పు మొత్తం రాసినాం. బ్యాంకు పంట రుణం ఒక పక్క, నగల మీద తెచ్చింది ఒక పక్క, వడ్డీకి తెచ్చింది ఒక పక్క. రాసినంక చూస్తే, గొంతు పట్టుకున్నది మొత్తం నాలుగు లక్షల అరవై వేలు కాదు. వడ్డీకి తెచ్చిన లక్షా డెబ్బై వేలు. వాళ్ళే ఇంటి కాడికి వచ్చి కూర్చుంటాండారు. సోమవారం ఇద్దరం ఆయప్పతో బ్యాంకుకు పోయి పంట రుణం రెన్యువల్ మాట్లాడినాం. వడ్డీ ఇచ్చినాయన ఊరివాడే. నలుగురు పెద్దమనుషుల ఎదురుగా కూర్చోబెట్టి, ఇంకమీద వడ్డీ లేకుండా అసలు మూడు పంటల్లో తీర్చేటట్ల ఒప్పించినాం. ఒకరు పాలిచ్చే ఎనుమును ఆరునెలలు ఆయప్ప ఇంట్లో కట్టేసినారు. పెద్ద సాయాలేం కావు ఇవి.

తర్వాత చానాదినాలకు వదిన చెప్పింది. చేనికి తెచ్చిన పురుగుమందు డబ్బా ఆయమ్మ అంతకుముందే ఇంట్లో నుంచి తీసి పక్కింట్లో దాచిపెట్టిందంట. ఆ మాట విన్న పొద్దు నాకు అన్నం సయించలేదు.

ఆయప్ప ఇప్పటికీ అప్పులోనే ఉన్నాడు. సగం తీరింది. శనివారం శనివారం వస్తాడు. మద్దెల అప్పుడప్పుడు తాళం తప్పుతాది, మేం ఏమీ అనం.

ఆ రాత్రి నుంచి దేవుడి గురించి నా ఆలోచన ఒక దారికి వచ్చింది. పది మంది కూర్చుంటే, పదకొండో వాడు రాలేదని తెలుస్తాది. ఒంటరిగా ఇంట్లో వెయ్యి నామాలు చదివినా మంచిదే, కానీ నువ్వు రాలేదని ఎవరికీ తెలీదు. భజన పెట్టింది దేవుడికి వినపడాలని అనుకుంటాం. దేవుడికి చెవులు బాగానే ఉన్నాయి. ఎవరు గొంతు కలపలేదో మనం వినడానికే అది పెట్టినారని నాకు అనిపిస్తాది. మా కాలనీలో చర్చి ఉంది. ఆదివారం ప్రార్థనకు రాని ఇంటికి పాస్టరు, ఇంకిద్దరు సాయంత్రం పోయి పలకరించి వస్తారు. మసీదులో శుక్రవారం వరసలో ఒక మనిషి లేకుంటే పక్కవాడికి తెలుస్తాది. అన్ని మతాల పెద్దోళ్ళకూ ఈ కిటుకు తెలుసు.

ఆ కాగితం నాకు ఇంకోటి నేర్పింది. అప్పును మూడు భాగాలు చేసి రాస్తే ఆయప్పకు ఊపిరి ఆడింది కదా. కష్టాన్ని కూడా అట్ల భాగాలు చెయ్యాల. కల్లంలో కుప్పలు వేసినట్ల మూడు కుప్పలు.

మొదటిది దేవుడి కుప్ప. వాన పడడం, పడకపోవడం, కోత పొద్దు తుపాను రావడం. అది మన చేతిలో లేదు. దండం పెట్టాల, వదిలేయాల. రాత్రంతా దాన్ని మోస్తా పడుకుంటే వాన రాదు, బీపీ వస్తాది.

రెండోది మన కుప్ప. పదును చూసి విత్తడం, మెరక చేనుకు తగిన పంట వేయడం, ఒకే పంట కాకుండా కంది సాళ్ళు పెట్టడం, ఈ-క్రాప్‌లో పేరు ఎక్కిందో లేదో పోయి చూసుకోవడం, కొబ్బరికాయ చేతిలో పట్టి నీళ్ళు చూసేవాడితో పాటు భూగర్భజలాల వాళ్ళను కూడా అడగడం. ఇవి దేవుడు చేసిపెట్టడు. చేసిపెట్టమని అడగడం కూడా మర్యాద కాదు.

మూడోది మందికుప్ప. నకిలీ విత్తనం అమ్మింది మనిషి. తూకంలో కొట్టింది మనిషి. కాయ ధర కోతల పొద్దు దించి, మన కల్లం ఖాళీ అయినంక ఎత్తేది మనుషులే. బీమా డబ్బు ఆలస్యమయ్యేది కూడా ఆఫీసుల్లోనే. వీటన్నిటినీ "మన తలరాత, మన కర్మ" అని దేవుడి కుప్పలో వేసేస్తాం. వేసేస్తే తప్పు చేసినవాడు నిశ్చింతగా పోతాడు, మనం గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తాం. మొలకెత్తని విత్తనం తలరాత కాదు. బిల్లు పెట్టుకొని, ఖాళీ సంచి పెట్టుకొని, నలుగురు కలిసి పోయి అడగాల్సిన లెక్క అది. అడగడం భక్తికి అడ్డం కాదు.

గీతలో పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అని చెప్పినారు కదా. మనందరం విన్నదే. చిన్నప్పుడు నాకు అది అర్థమయ్యేది కాదు. ఫలం వద్దనుకుంటే సేద్యం ఎందుకు, అప్పు ఎట్ల తీరేది అనుకునేవాడిని. ఇప్పుడు నాకు అర్థమయింది ఇది. నాది పండితుల అర్థం కాదు, రైతు అర్థం. ఫలం వద్దని కాదు. నా చేతిలో లేని కుప్పను నా నెత్తిన పెట్టుకోవద్దని. చేతిలో ఉన్నదాన్ని దేవుడి మీద వేయొద్దని. ఇంకొకడు చేసిన దానికి దేవుడిని నిందించొద్దని. ఈ మూడు కుప్పలు కలిసిపోకుండా చూసుకోవడమే నాకు తెలిసిన సాధన. ప్రతి ఏడాదీ కలిసిపోతాయి. మళ్ళా విడదీసుకోవాల. చేన్లో గడ్డి తీసినట్ల, ఒకసారి తీస్తే అయిపోయే పని కాదు.

ఆధ్యాత్మికంగా ఎదగడం అని టీవీలో స్వాములు చెప్తాంటారు. ఎదగడమంటే పైకి పోవడం అనుకుంటాం. మన శెనక్కాయ చెట్టును చూడండి. ముప్పై దినాలకు పసుపు పూత పైనే పూస్తాది. కానీ పూసిన చోట కాయ కాయదు. ఊడ వంగి కిందికి దిగాల, మట్టిలోకి పోవాల, అక్కడ చీకట్లో కాయ కావాల. పైన ఎంత పచ్చగా ఉన్నా ఊడ దిగకుంటే కట్టెనే మిగులుతాది. మనిషికి కూడా అంతేనేమో. బొట్టు, మాల, ప్రవచనం పూత. పక్కవాడి వాకిట్లోకి పోయి "ఎంతప్పా" అని అడగడం ఊడ దిగడం.

ఇంక నేను చెప్పేది మూడే మాటలు.

మీ ఊర్లో భజన ఆగిపోయి ఉంటే మళ్ళా పెట్టండి. హార్మోనియం లేకుంటే తాళాలు చాలు. తాళాలు లేకుంటే చేతులున్నాయి. గుడి కాకుంటే రచ్చబండ. దేవుడంటే నమ్మకం లేనోళ్ళు ఉంటే వాళ్ళనూ పిలవండి, టీ తాగి కూర్చుంటారు. మనిషి లెక్కలో ఉండాల, అంతే.

వడ్డీకి తెచ్చి ఏ దేవుడికీ మొక్కు తీర్చొద్దండి. ఉండేదాంట్లో పెట్టండి. అరకిలో చక్కెర చాలు, మా అమ్మ సాక్ష్యం.

రెండు వారాలు కనపడని మనిషి ఉంటే ఫోన్ చేయొద్దు, ఇంటికి పోండి. ఫోన్‌లో "బాగుండా" అనే అంటారు అందరూ. పోయినప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు చెప్పేది వినండి. పురుగుమందులు ఇంట్లో, మంచం కింద పెట్టనీయొద్దండి, తాళం వేసిన చోట ఉండాల. ఇది చదివే మీకే మనసు అట్ల ఉంటే, 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెట్టు వాడిపోతే మనం నలుగురిని అడగమా? మనసు వాడినా అంతే.

ఇది రాస్తాంటే పడమటి పక్క రవ్వంత మొగులు కమ్మింది. పడతాదో లేదో అది దేవుడి కుప్ప. గొర్రుకు నట్లు బిగించేది ఉంది, అది నా కుప్ప, పోతాండా.

వాన పడితే అందరం చేన్లలో ఉంటాం. పడకుంటే శనివారం గుడి కాడ కలుస్తాం. పడినా కలుస్తాం.

ఉంటా.